దూరమునుండి వచ్చిన ఆదరణ

పాఠ్యభాగములు: 1 రాజులు 19:1–18; 2 రాజులు 5:1–14
కంఠత చేయవలసినది: కీర్తనలు 34:18
పాఠోద్దేశ్యము: మనస్సు కృంగినవారికి దేవుడు ఏయే మార్గములలో సహాయము పంపునో తెలిసికొనుట, ఫోనుద్వారా, వీడియోద్వారా లభించు మానసిక వైద్యసహాయమును విశ్వాసులు ఎట్లు వినియోగించుకొనవలెనో నేర్చుకొనుట.



మన గ్రామములలో ఒకనికి జ్వరము వచ్చినయెడల ఇరుగుపొరుగువారు వచ్చి పలుకరింతురు. కాలు విరిగినయెడల నలుగురు చేరి మంచము మోయుదురు. కాని ఒకనికి రాత్రులు నిద్ర పట్టక, కారణము తెలియని భయముతో గుండె కొట్టుకొనుచు, బ్రదుకుమీద ఆశ అడుగంటిపోయినయెడల ఆ యింటివారు తలుపు మూసికొందురు. గాలి సోకినదని ఒకరు, పని లేనివారికి వచ్చు జబ్బని ఒకరు, విశ్వాసము చాలదని సంఘములో మరియొకరు అందురు. ఈ కడపటి మాటను ఒకప్పుడు మేమును అంటిమి. అందుచేతనే ఈ నెల ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. మా సంఘములో జరిగిన సంగతి

2021వ సంవత్సరము మే నెలలో, కరోనా రెండవసారి విజృంభించినప్పుడు, మా సంఘములో ఒక సహోదరి తన భర్తను పోగొట్టుకొనెను. ఆమె అనుమతితోనే, గురుతులను కొంత మరుగుపరచి, ఈ సంగతి వ్రాయుచున్నాము. శవమును సంచిలో మూసి తెచ్చిరి. ఎవరికిని ముఖము చూపలేదు. సమాధుల తోటలో పది నిమిషములలో అంతయు ముగిసెను. మేమును దూరముగా నిలిచి, నాలుగు మాటలు చదివి, ప్రార్థన చేసి వచ్చితిమి. ఆ దినములలో ఎందరికో అట్లే జరిగెను.

కొన్నాళ్లకు ఆమె యేడ్పు తగ్గెను గాని దానితోపాటు మాటయు తగ్గెను. స్త్రీల కూటములో పాట యెత్తుకొను మనిషి వెనుక చాపమీద మూగగా కూర్చుండసాగెను. పలమనేరు మీదుగా బెంగుళూరికి పోవు పెద్ద రోడ్డు మా ఊరికి దగ్గరలోనే యున్నది. ఆ రోడ్డున ఆంబులెన్సు కూత వినబడినప్పుడెల్ల ఆమెకు చేతులు వణకి, చెమట పట్టి, ఊపిరి ఆడక పోవుచుండెను. ఒక దినము మాయింటికి వచ్చి, "అయ్యగారూ, నిద్దర పట్టదు. కండ్లు మూస్తే ఆ సంచి మూసిన సద్దే వినిపిస్తా ఉంది" అని చెప్పెను.

మేము ఆమెతో ఏమి చెప్పితిమి? "అమ్మా, ఉపవాసముండి ప్రార్థన చేయుము. విశ్వాసము గలవారికి భయముండదు" అని చెప్పితిమి. అంతటితో ఊరకుండక, మరుసటి ఆదివారము భయమనునది అవిశ్వాసమునకు బిడ్డ అని ప్రసంగించితిమి. ఆ ఆదివారము తరువాత ఆమె మందిరమునకు వచ్చుట మానివేసెను. మేము దానిని ఆమె బలహీనత అనుకొంటిమి.

2023వ సంవత్సరములో ఒక సాయంకాలము ఆమె ఊరి వెలుపల ఒంటరిగా కూర్చుండి యుండగా, గొఱ్ఱెలు తోలుకొని వచ్చు పిల్లవాడొకడు చూచి, "అత్తా, చీకటి పడతా ఉంది, ఇంటికి పోదాం రా" అని పిలిచి, ఇల్లు చేరువరకు విడువలేదు. ఆమె ఆ సాయంకాలము తిరిగి వచ్చు తలంపుతో వెళ్లలేదని మాకు తరువాత తెలిసినది. వేదశాస్త్రము చదివిన మేము చేయలేనిదానిని ఆ గొఱ్ఱెల పిల్లవాడు చేసెను. అతడు ఆమెను ప్రశ్నింపలేదు, గద్దింపలేదు, ఒంటరిగా విడువలేదు.

2. బదరీవృక్షము క్రింద ఏలీయా

ఇప్పుడు మన మొదటి పాఠ్యభాగము చూతము. కర్మెలు పర్వతముమీద అగ్నిని దింపిన ప్రార్థనావీరుడే, యెజెబెలు బెదరింపు విని ప్రాణభయముతో పారిపోయెను. అరణ్యములో ఒక దినప్రయాణము చేసి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలునని మరణము కోరుకొనెను. ఏలీయాకు విశ్వాసము లేదని ఎవరు అనగలరు? కాబట్టి మనస్సు కృంగుట విశ్వాసము లేదనుటకు రుజువు కాదు. ఇది మనము మొదట నేర్చుకొనవలసిన సంగతి.

దేవుడు అతనియెడల ఎట్లు వ్యవహరించెనో వరుసగా గమనించుడి.

మొదట దూత అతనిని తట్టి లేపి, భోజనము చేయమనెను. నిప్పులమీద కాల్చిన రొట్టెయు నీళ్లబుడ్డియు అతని తలదగ్గర నుండెను. అతడు తిని మరల పండుకొనెను. దూత రెండవమారు వచ్చి లేపి, ప్రయాణము నీ శక్తికి మించినదని ఒప్పుకొని మరల తినమనెను. ఒక్క గద్దింపు మాటయు లేదు. ముందు శరీరమునకు నిద్ర, ఆహారము, తరువాతనే మాట.

రెండవదిగా, హోరేబులో దేవుడు అతనిని ఒక ప్రశ్న అడిగెను: ఇక్కడ ఏమి చేయుచున్నావు? సర్వము ఎరిగినవాడు ఎందుకు అడుగవలెను? చెప్పుకొనుటకు అవకాశము ఇచ్చుటకే. ఏలీయా తన బాధను చెప్పుకొనెను. దేవుడు అదే ప్రశ్న మరల అడిగెను. ఏలీయా అవే మాటలు మరల చెప్పెను. 'ఇది ఇంతకుముందే చెప్పితివి' అని దేవుడు విసుగుకొనలేదు.

మూడవదిగా, అతని తలంపులో ఒక పొరపాటు ఉండెను. నేను ఒక్కడనే మిగిలియున్నానని అతడు నమ్మెను. కృంగిన మనస్సు అట్లే లెక్కించును. దేవుడు నిజమైన లెక్క చూపెను: ఇంక 7000 మంది యున్నారు.

నాలుగవదిగా, చేయుటకు పని ఇచ్చెను; తోడుగా ఎలీషాను ఇచ్చెను. గుహలోనుండి బయటికి రప్పించి దారిమీద నడిపించెను.

ఈ నాలుగు మెట్లను మనస్సున నుంచుకొనుడి. నేటి మానసిక వైద్యనిపుణులు చేయుపనిలో ఇవి మనకు మరల కనబడును.

3. నయమాను కోపము

ఆ సాయంకాలము తరువాత ఆమె కుమార్తె బెంగుళూరునుండి పరుగెత్తి వచ్చెను. విచారించి, తెలుగు మాటలాడు ఒక థెరపిస్టును ఏర్పాటు చేసెను. ఆ అమ్మ పట్టణములో నుండును. వారమునకొక గంట ఫోనులో వీడియో ద్వారా మాటలాడును. మన సహోదరి మొదట ఒప్పుకొనలేదు. "ఫోన్లో మాట్లాడితే పోయే జబ్బా ఇది? ఎదురుగా చూడకుండా ఆయమ్మకి ఏం తెలస్తాది?" అనెను. మేమును లోలోపల అదే అనుకొంటిమి.

ఇచ్చట మన రెండవ పాఠ్యభాగము జ్ఞాపకమునకు వచ్చును. సిరియా సైన్యాధిపతియైన నయమాను గుఱ్ఱములతోను రథములతోను వచ్చి ఎలీషా ద్వారమునొద్ద నిలిచెను. ఎలీషా బయటికే రాలేదు. ఒక మనిషిచేత మాట పంపెను: యొర్దానులో ఏడుమారులు స్నానము చేయుము. ప్రవక్త ఎదుటికి వచ్చి, నిలిచి, చెయ్యి ఆడించి బాగుచేయునని నయమాను ఎదురుచూచెను గనుక మండిపడి తిరిగిపోవుచుండెను. పెద్దపని చెప్పియుండినయెడల చేసియుందురు గదా, ఈ చిన్నపని చేసిన తప్పేమని దాసులు బ్రతిమాలిరి. అతడు దిగి మునిగెను, బాగుపడెను.

దూరమునుండి వచ్చు సహాయమును తక్కువగా చూచుట క్రొత్త సంగతి కాదు. అయితే శతాధిపతి దాసునికి ప్రభువు ఆ యింటికి పోకయే స్వస్థత పంపెను (మత్తయి 8). పౌలు కన్నీళ్లతో వ్రాసిన పత్రికలు దూరపు సంఘములను నిలిపెను. అయినను దూరముయొక్క కొరతను కూడ లేఖనము దాచలేదు. సిరాతో వ్రాయుటకంటె ముఖాముఖిగా మాటలాడ కోరుచున్నానని యోహాను తన రెండవ పత్రిక చివర చెప్పుకొనెను. కాబట్టి, ముఖాముఖి మేలైనది. అది దొరకనప్పుడు పత్రికయు మేలైనదే.

ఈ పని ఆరంభములో సంఘకాపరుల చెయ్యియు కలదు. చాద్ వారా అను ఆంగ్లికన్ గురువు, 1935లో, పడుచువయస్సులో శరీరమునకు కలుగు సహజమైన మార్పును రోగమని భయపడి ప్రాణము తీసికొనిన ఒక చిన్న బాలికను సమాధి చేయవలసివచ్చెను. ఆమె అడుగుటకు మనిషి లేకపోయెను. ఆ సంగతిని ఆయన మరువలేదు. 1953లో లండనులోని తన మందిరమునుండి, చావదలచినవారు ఎప్పుడైనను మాటలాడుటకు ఒక టెలిఫోను ఏర్పాటు చేసెను. అదే సమారిటన్స్ అను సంస్థ. తన వంతు కొరకు వేచియుండు వారికి తేనీరు ఇచ్చి, వారి మాటలు ఓపికతో విను సామాన్య మనుష్యులే అనేకులకు మేలు చేయుచున్నారని ఆయన కనుగొనెను.

ఇంక మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పుదుము. పూర్వపు చిత్తూరు జిల్లాలో మదనపల్లె యొద్ద ఆరోగ్యవరమున 1915లో పలు మిషనులు కలిసి క్షయరోగులకు ఆరోగ్యశాల తెరచిన సంగతి మన పెద్దలు ఎరుగుదురు. ఆ కాలములో క్షయ అనగా ఇంటికి అవమానము. సంబంధములు చెడునని దాచెడివారు. వైద్యమునకు ఇల్లు విడిచి నెలల తరబడి ఉండవలెను. 1956లో మద్రాసులో ఒక పరిశోధన ఆరంభించి, రోగులలో కొందరిని ఆరోగ్యశాలలోను కొందరిని వారి యిండ్లలోనే ఉంచియు మందులిచ్చి చూచిరి. క్రమముగా మందు పుచ్చుకొనినయెడల ఇంటివద్దనున్నవారును అంత బాగుగానే కోలుకొనిరని తేలెను. వైద్యము రోగి గడపదగ్గరకు వచ్చుట చిన్నతనము కాదని అప్పుడు లోకము నేర్చుకొనెను. ఆందోళనకు, కుంగుబాటుకు వీడియో ద్వారా చేయు చికిత్స అనేకులకు ఎదుట కూర్చుండి చేయుదానివలెనే ఫలించునని ఇటీవలి పరిశోధనలును చూపుచున్నవి.

4. ఆ పని జరుగు విధము

చాలమంది ఇది ఓదార్పుమాటలు చెప్పుట అనుకొందురు. అది పొరపాటు. అందులో క్రమమైన పని యున్నది. ఆమె మాతో చెప్పినంతవరకు వ్రాయుచున్నాము.

మొదటి దినమున థెరపిస్టు నిద్రనుగూర్చి, ఆహారమునుగూర్చి, ఆ సాయంకాలమునుగూర్చి సూటిగా అడిగెను. చావవలెనను తలంపు మరల వచ్చినయెడల ఎవరిని పిలువవలెను, ఇంటిలో ప్రమాదకరమైన వస్తువులు ఎవరి చేతిలో ఉండవలెను అను సంగతులు కాగితముమీద వ్రాయించెను. చావును గూర్చి అడిగినయెడల ఆ తలంపు పుట్టించినట్లగునని మనము భయపడుదుము. అది సత్యము కాదు. అడిగినప్పుడు గుండె బరువు తగ్గునని నిపుణులు చెప్పుచున్నారు. నిద్ర మరీ చెడియుండెను గనుక మందులు వ్రాయు డాక్టరును కూడ చూడవలెనని పంపెను. దూత మొదట రొట్టె యిచ్చినట్లు, ఇక్కడను శరీరమే మొదట వచ్చెను.

తరువాత భయముయొక్క విధము విప్పి చెప్పెను. అపాయము వచ్చినప్పుడు పరుగెత్తుటకై గుండె వేగముగా కొట్టుకొనుట దేవుడు దేహములో ఉంచిన ఏర్పాటు. పెద్ద దెబ్బ తగిలిన మనస్సులో ఆ ఏర్పాటు అపాయము లేనప్పుడును మ్రోగుచుండును. పంటచేనిలో కాకులను తోలుటకు కట్టిన డబ్బా గాలికి కూడ మ్రోగినట్లు అన్నమాట. ఆంబులెన్సు కూత విన్నప్పుడు జరిగిపోయినది ఇప్పుడే జరుగుచున్నట్లు ఆమెకు తోచుచుండెను. అట్టి సమయమున పాదములు నేలకు ఆనించి, ఊపిరి మెల్లగా విడుచుచు, కంటికి కనబడు అయిదు వస్తువుల పేర్లు చెప్పుకొనవలెనని నేర్పెను. 'ఇది వేపచెట్టు, ఇది కుండ, ఇది మా కోడి' అని ఆమె చెప్పుకొనెడిది. ఆ విధముగా మనస్సు గతమునుండి నేటికి తిరిగి వచ్చును.

ఆ తరువాత తలంపులను పరీక్షించుట. 'ఆసుపత్రికి నేనే ఆలస్యముగా పంపితిని. నేనే చంపితిని' అను మాట ఆమె లోపల తిరుగుచుండెను. దానిని ఒక నోటుపుస్తకములో వ్రాయించి, ఒక ప్రక్క ఆ మాటకు ఆధారములు, మరియొక ప్రక్క దానికి విరోధమైనవి వ్రాయమనెను. జ్వరము వచ్చిన దినము, పడక కొరకు తిరిగిన ఆసుపత్రులు, ఆమె ఫోను చేసిన మనుష్యులు, అన్నియు వ్రాసిన తరువాత రెండవ ప్రక్క పుట నిండెను. ఏలీయాకు 7000 మంది లెక్క చూపినట్లు ఆమెకును నిజమైన లెక్క కనబడెను.

కడపట చిన్నచిన్న పనులు. దినమునకు ఒక పని: కోళ్లకు గింజలు చల్లుట, పొరుగింటికి పోయి పది నిమిషములు కూర్చుండుట. మనస్సు బాగుపడిన తరువాత పని చేయుదమని కూర్చుండినయెడల ఆ దినము రాదు; పని చేయగా చేయగా మనస్సు మెల్లగా వెనుక వచ్చును. గోవాలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో వైద్యులు కాని మామూలు మనుష్యులకు తరిఫీదు ఇచ్చి, ఇట్టి విధానమును ఆరు నుండి ఎనిమిది భేటీలలో జరిపించి చూడగా కుంగుబాటు గలవారు అనేకులు కోలుకొనిరి. ఆ ఫలితములు 2017లో లాన్సెట్ అను వైద్యపత్రికలో అచ్చుపడినవి.

ఆ థెరపిస్టు మన మతస్థురాలు కాదు. మనవారు కాని వారియెదుట మనస్సు విప్పవచ్చునా అని కొందరు పెద్దలు మమ్మును అడిగిరి. ఓడ పగిలి తీరమెక్కిన పౌలుకు మెలితే ద్వీపవాసులు నిప్పురాజవేసి ఆదరించిరి. అతడు ఆ నిప్పును కాదనలేదు. మంచి థెరపిస్టు ఒకరి విశ్వాసమును త్రోసివేయడు; అట్లు చేసినయెడల వేరొకరిని వెదకుకొనవచ్చును. ఈ అమ్మ, "మీరు ప్రార్థన చేస్తారు గదా, మీ గ్రంథంలో మీకు తోడుగా అనిపించే భాగం ఏది?" అని అడిగెనట. మన సహోదరి 88వ కీర్తన అని చెప్పెను. ఆ కీర్తన చీకటితోనే ముగియునని మీరు ఎరుగుదురు. మేము ఆమెకు విజయకీర్తనలనే చదివి వినిపించుచుంటిమి; ఆమెకు తోడైనది చీకటిలో మొరపెట్టిన కీర్తన.

5. సంఘము ఇచ్చిన గది

ఒక అడ్డంకి మిగిలియుండెను. వారిది ఒంటిగది యిల్లు. అత్తగారు, ఇద్దరు పిల్లలు, గోడ యావల పొరుగువారి చెవులు. మనస్సు విప్పుటకు తలుపు మూసికొను చోటు లేదు. అప్పుడు మా యింటివారు, "మందిరములోని వెస్ట్రీగది వారమునకు ఆరు దినములు ఖాళీగానే యున్నది గదా" అనిరి. అందుచేత ప్రతి గురువారము మధ్యాహ్నము 3 గంటలకు ఆమెకు ఆ గది తాళము ఇచ్చితిమి. పడమటి కిటికీదగ్గర మాత్రమే సిగ్నలు సరిగా దొరకును గనుక అచ్చట కుర్చీ వేసితిమి. మా యింటివారు వరండాలో కుట్టుపని పట్టుకొని కూర్చుండి ఎవరిని లోనికి పోనీయకుండిరి. లోపల ఏమి మాటలాడితివని మేము ఒక్కసారియు అడుగలేదు. అడిగినవారికి, "ఆమె పనిమీద వచ్చినది" అని చెప్పితిమి.

ఇట్లు కొన్ని నెలలు జరిగెను. కొన్ని వారములు మరల వెనుకకు జారెను. ఏడ్చుచు బయటికి వచ్చిన దినములును కలవు. సమాధుల తోటకు ఆమె మూడేండ్లు పోలేదు. థెరపిస్టు ఆ దారిని మెట్లుగా విభజించెను: ఒక వారము దారిలోని చింతచెట్టు వరకు, ఇంకొక వారము గేటు వరకు, తరువాత సమాధి వరకు. మా యింటివారు ఆమె చెయ్యి పట్టుకొని నడచిరి. 2024లో ఒక సాయంకాలము ఆమె వచ్చి, "అయ్యగారూ, ఆ పొద్దు మీరు అంతా చదవలేదు. ఒకసారి పూర్తిగా చదవతారా?" అని అడిగెను.

మరుసటి దినమున ఆమె పిల్లలతోను అత్తగారితోను సమాధియొద్ద నిలిచి, భూస్థాపన క్రమమును మొదటినుండి కడవరకు, ఒక్క మాటయు విడువక చదివితిమి. పాట పాడవలసిన చోట మా గొంతు రాలేదు. ఆమె యెత్తుకొనెను. తిరిగి వచ్చునప్పుడు ఆ ఆదివారపు ప్రసంగమునుగూర్చి మేము ఆమెను క్షమాపణ వేడుకొంటిమి. "మీకూ తెలీదు గదయ్యా" అని మాత్రము చెప్పెను. ఇప్పటికిని ఆంబులెన్సు పోవునప్పుడు ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకొనును. అయితే లేచిపోదు.

6. తెలిసికొనవలసిన సంగతులు

(అ) 2015–16లో మన దేశములో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో నూటికి ఇంచుమించు 10 మందికి పైగా ఏదో యొక మానసిక రుగ్మత యున్నట్లు కనబడెను. వారిలో అత్యధికులకు చికిత్స అందలేదు. కాబట్టి ఇది ఒకరిద్దరి సంగతి కాదు. మన సంఘములోని ప్రతి వరుసలోను ఇట్టివారు కూర్చుండియుందురు.

(ఆ) ప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10వ తేదీన టెలి-మానస్ అను ఫోను సేవను ప్రారంభించిరి. 14416 అను నంబరుకు గాని 1800-891-4416 అను నంబరుకు గాని రాత్రింబగళ్లు ఎప్పుడైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడవచ్చును. మొదట తరిఫీదు పొందిన సలహాదారు విని, అవసరమైనయెడల డాక్టరుకు అప్పగించును. డబ్బు లేనివారు, బెంగుళూరులో చదివిన కుమార్తె లేనివారు, ఈ నంబరును వ్రాసి ఉంచుకొనుడి.

(ఇ) ఎవరితో మాటలాడుచున్నామో తెలిసికొనవలెను. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. చదివిన డాక్టరు, మందులు వ్రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు వ్రాయడు, మాటలతో చికిత్స చేయును. అతడు భారత పునరావాస మండలిలో నమోదై యుండవలెను. నమోదు సంఖ్య అడుగుటలో తప్పులేదు. కౌన్సిలర్ అని ఎవరైనను బల్ల తగిలించుకొందురు గనుక చదువు, అనుభవము అడుగవలెను. మూడు దినములలో నయము చేయుదుమనువారిని, ముందే పెద్దమొత్తము కట్టమనువారిని, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పమనువారిని నమ్మకుడి.

(ఈ) 2020 మార్చిలో దూరవైద్యమునకు ప్రభుత్వ నియమములు వచ్చినవి. వాటి ప్రకారము డాక్టరు తన పేరును నమోదును తెలుపవలెను. రోగి సంగతులను గుట్టుగా ఉంచవలెను. కొన్ని మందులను దూరమునుండి వ్రాయకూడదు. కాబట్టి నిద్రమాత్రలు కావలెనని ఫోనులో పట్టుబట్టకుడి; అంగడిలో ఊరక కొనకుడి. మొదలుపెట్టిన మందును డాక్టరు చెప్పకుండ ఆపకుడి.

(ఉ) ఫోను చాలని సమయములును కలవు. ప్రాణము తీసికొనుటకు సిద్ధపడినవానిని, లేని స్వరములు వినుచు తెలివితప్పి వర్తించువానిని ఒంటరిగా విడువక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తిరుపతిలో రుయా ఆసుపత్రియందు మానసిక వైద్యవిభాగము కలదు. చిత్తూరికి దగ్గరలోనే యున్న వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు 1957నుండి బాగాయములో మానసిక ఆరోగ్యకేంద్రము నడుపుచు, రోగితోపాటు కుటుంబీకులను కూడ ఉండనిచ్చు పద్ధతిని మొదటినుండి పాటించిరి. ఇంటిలో కొట్టువాడు ఉన్నప్పుడు, అతడు వినునట్లు ఫోనులో మాటలాడుట అపాయము. అట్టివారికి వేరొక చోటు చూపవలెను.

(ఊ) మనస్సు చెడినవారిని గొలుసులతో కట్టుట మహాపాపము, నేరము కూడ. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో పాకకు నిప్పు అంటుకొనగా, గొలుసులతో కట్టబడిన 28 మంది రోగులు మరణించిరి. ప్రార్థనచేత బాగుపరచుదుమను ఏ మతమువారి చోటైనను, మన చోటైనను, గొలుసు కనబడినయెడల ఊరకుండరాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులను నిషేధించినది. ప్రాణము తీసికొన యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉండెనని భావించి, అతనిని శిక్షింపక ఆదుకొనవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. చట్టము చూపిన కనికరముకంటె సంఘము చూపు కనికరము తక్కువ కాకూడదు.

7. ముగింపు

ప్రార్థన మానివేసి ఫోను పట్టుకొనుడని మేము చెప్పుటలేదు. పౌలు తన కృంగుదలలో ప్రార్థించెను; దేవుడు తీతును పంపి అతనిని ఆదరించెను (2 కొరింథీయులకు 7:6). ప్రార్థనకు జవాబు కొన్నిమారులు ఒక మనిషి రూపమున వచ్చును. ఆ మనిషి గొఱ్ఱెలు కాయు పిల్లవాడు కావచ్చును, వరండాలో కుట్టుపని చేయు స్త్రీ కావచ్చును, ఫోను తెరమీద కనబడు ముఖము కావచ్చును. వారిలో ఎవరిని కాదన్నను దేవుడు పంపిన రొట్టెను త్రోసివేసినట్లగును.

ప్రతి సంఘములోను వారమునకు ఒక గంట తాళము తీసి ఇయ్యదగిన గది ఒకటి యుండును. కాపరులును పెద్దలును దీనిని ఆలోచింతురు గాక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దూత ఏలీయాను గద్దింపక ఏమి చేసెను? కృంగినవారితో మనము మొదట పలుకు మాట ఏది?
2. ఏలీయా ఒకే మాటను రెండుమారులు చెప్పుకొనెను. మన యింటిలో ఒకే బాధను మరల మరల చెప్పుకొనువారు ఎవరు? వారిని విని ఎన్నాళ్లయినది?
3. నయమాను ఏ విధమైన సహాయమును ఎదురుచూచెను? దేవుడు పంపిన సహాయమును మనము ఎప్పుడైనను ఈ కారణముచేతనే కాదంటిమా?
4. మన మందిరములో ఒక గది, ఒక కుర్చీ, గుట్టు కాపాడు ఒక మనిషి దొరకుదురా?

ప్రార్థన

విరిగిన హృదయములకు సమీపముగా నుండు తండ్రీ, మా మాటలచేత గాయపడినవారియెడల మమ్మును క్షమించుము. ఈ రాత్రి నిద్ర లేక యుండువారికి తోడైయుండుము. వినుటకు మాకు ఓపిక నిమ్ము, గుట్టు కాపాడుటకు నమ్మకత్వము నిమ్ము. దూరమునుండి ఆదరించువారి చేతులను బలపరచుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.